ఇంటి నంబరు ఒకరి దగ్గర, ఇంటి దారి ఇంకొకరి దగ్గర

తపాలా కవరు మీద పిన్‌కోడు 504తో మొదలైతే అది ఆదిలాబాద్ వైపు ఉత్తరం, 505తో మొదలైతే కరీంనగర్ వైపుది. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల, నిర్మల్, కొమరంభీం ఆసిఫాబాద్ విడిపోయాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరుపడ్డాయి. పిన్‌కోడు మాత్రం కదల్లేదు. హుస్నాబాద్ సిద్దిపేట జిల్లాలో చేరినా దాని నంబరు 505467గానే ఉంది. మహదేవపూర్ జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు పోయింది, పిన్‌కోడు 505504 దాని వెంటే పోయింది. ఇందులో తపాలా శాఖను తప్పు పట్టడానికేమీ లేదు. ఉత్తరాల సంచి ఏ దారిన ఏ ఆఫీసుకు చేరాలన్నదే 1972లో పుట్టిన ఆ ఆరంకెల పని, కలెక్టరేటు ఎక్కడుందన్నది దానికి అనవసరం. రెవెన్యూ శాఖ అదే నేలను మౌజాలుగా, అంటే రెవెన్యూ గ్రామాలుగా చూస్తుంది. పంచాయతీరాజ్ శాఖకు అవి గ్రామ పంచాయతీలు, తాగునీటి శాఖకు ఆవాసాలు, ఎన్నికల సంఘానికి పోలింగ్ కేంద్రాల పరిధులు. ఎవరి గీత వాళ్ల పనికి సరిపోతుంది. ఈ గీతలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, "ఫలానా చిరునామా నేల మీద ఎక్కడుంది?" అని అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సమాచారం రెండు చోట్ల పోగుపడి ఉంది. ఒకటి ప్రభుత్వం తెరిచిపెట్టిన దత్తాంశం. 2012లో కేంద్రం సమాచార పంపిణీ విధానాన్ని ప్రకటించి డేటా.గవ్.ఇన్ వేదికను మొదలుపెట్టింది. దేశంలోని పిన్‌కోడుల పట్టిక అక్కడ దొరుకుతుంది. ప్రతి గ్రామానికీ, ప్రతి పంచాయతీకీ ఒక కోడు ఇచ్చే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ దగ్గర ఉంది. 2016లో తెలంగాణ తన సొంత ఓపెన్ డేటా విధానం తెచ్చుకుంది. 2022 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పోగైన పటాల సమాచారం బయటికొచ్చింది: పది లక్షలకు పైగా ఆవాసాలు, ఎనిమిది లక్షలకు పైగా బడులు, దవాఖానాలు, సంతల వంటి సౌకర్యాలు, ఇరవై ఐదు లక్షల కిలోమీటర్లకు పైగా పల్లె రోడ్లు. రెండో పోగు జనం గీసిన పటం. 2004లో లండన్‌లో చదువుకుంటున్న స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వీటిలో పెద్దది. ఎవరైనా ఖాతా తెరిచి తమ వాడలోని సందు, బోరింగు, గుడి, మసీదు, కల్వర్టు, కిరాణా కొట్టు అందులో గుర్తించవచ్చు, ఇంకొకరు దాన్ని సరిదిద్దవచ్చు. ప్రభుత్వ పోగులో పేర్లూ కోడులూ నంబర్లూ దండిగా ఉంటాయి గానీ అవి నేల మీద ఎక్కడ వాలతాయో చాలాసార్లు తెలియదు. జనం పటంలో దారులూ ఇళ్ల ఆకారాలూ ఉంటాయి, వాటి అధికారిక గుర్తింపు ఉండదు. రెంటినీ కలపాలనడంలో వివాదం లేదు. ఎలా కలపాలన్న దగ్గరే ఉంది. ఒకదాన్ని తెచ్చి ఇంకొకదానిలో కుమ్మరిస్తే రెండూ పాడవుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చి, ఎక్కడ కలవలేదో ఆ తేడాలను జాగ్రత్తగా రాసిపెట్టుకోవాలి. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన ఫలితం ఆ తేడాల జాబితాయే. కరీంనగర్, ఆదిలాబాద్‌ల నుంచి దీనికి కావలసినన్ని రుజువులు దొరుకుతాయి.

పట్టణంతో మొదలుపెడదాం. కరీంనగర్‌లో ఇంటి నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. ఊహకు 3-5-112 అనే నంబరు తీసుకుంటే 3 వార్డు, 5 ఆ వార్డులోని బ్లాకు, 112 ఇల్లు. ఈ వార్డు అంటే నంబర్లు వేసిన నాటి పాత వార్డు. ఎన్నికల డివిజనుతో దానికి సంబంధం లేదు. 2020 జనవరి కార్పొరేషన్ ఎన్నికల నాటికి నగరంలో 60 డివిజన్లుండేవి. కొత్తగా వచ్చినవాళ్లు ఇంటి నంబరులోని మొదటి అంకెను చూసి కార్పొరేటరు ఎవరో వెతికితే దొరకరు. 112 ఇంటిని అన్నదమ్ములు పంచుకుంటే అది 112/1, 112/2 అవుతుంది, పైన అంతస్తు వేస్తే 112/2/ఎ అవుతుంది. పక్కన ఖాళీ జాగాలో కొత్త ఇల్లు లేస్తే వరుసలో నంబరు మిగలదు కనుక పొరుగు నంబరుకే ఒక గీత తగిలిస్తారు. మళ్లీ నంబర్లు వేసిన చోట గోడ మీద పాత నంబరూ కొత్త నంబరూ రెండూ ఉంటాయి. కరెంటు బిల్లు మీద ఒకటి, ఓటరు జాబితాలో ఇంకొకటి కనిపిస్తాయి. పన్ను వసూలుకు వచ్చే బిల్ కలెక్టరుకు ఇందులో గందరగోళమేమీ ఉండదు, ఆయన తలలో వాడ మొత్తం ఉంటుంది. కంప్యూటరుకు ఆ సౌకర్యం లేదు.

కంప్యూటర్లతో చిరునామాలు వెతికే పద్ధతులు ఎక్కువగా అమెరికాలో, ఐరోపాలో పుట్టాయి. అక్కడ ఇంటి నంబరు వీధికి చెందుతుంది: వీధి ఈ కొసన 100, ఆ కొసన 200 అని తెలిస్తే 150 నడిమధ్య ఉంటుందని యంత్రం లెక్కగడుతుంది, సరి సంఖ్యలు ఒక పక్క, బేసి సంఖ్యలు ఒక పక్క అనే నియమం తోడైతే ఇంకా దగ్గరికి వస్తుంది. కొసల మధ్య అంచనా వేసే ఈ లెక్కను కరీంనగర్‌లోని మంకమ్మతోటకో కాశ్మీర్‌గడ్డకో తెస్తే పనికిరాదు. ఇక్కడ నంబరు వీధిది కాదు, బ్లాకుది. నంబర్లు వేసినవాళ్లు సందుల్లో ఎలా తిరిగితే అలా పడ్డాయి. ఒకే సందులో ఎదురుబొదురు ఇళ్లు వేర్వేరు బ్లాకులకు చెందవచ్చు. ఇది మన వెనకబాటుతనమని తీర్మానించేయకూడదు. జపాన్ నగరాలు ఈనాటికీ బ్లాకుల లెక్కనే నడుస్తున్నాయి, అక్కడ చాలా వీధులకు పేర్లే ఉండవు, 1962లో చిరునామాల చట్టం తెచ్చినప్పుడు కూడా వాళ్లు బ్లాకునే ఉంచుకున్నారు. బ్లాకు పద్ధతిలో అంచనా లెక్కలు కుదరవు, ప్రతి ఇంటికీ నేల మీద ఒక బిందువు కావాలి, అంతే తేడా. బిందువులు పోగైన కొద్దీ మనకూ ఒక గణితం చేతికొస్తుంది. జనం పటంలో 3-5తో మొదలయ్యే నంబర్లు వంద గుర్తించారనుకోండి, అవన్నీ ఒకే చోట గుంపుగా ఉండాలి. నూట ఒకటో బిందువు ఊరి ఆ చివర పడితే ఎక్కడో తప్పుంది. ఇల్లు గుర్తించినవారు నంబరు తప్పు చదివారా, రిజిస్టరులో తప్పు ఎక్కిందా, లేక ఆ ఇల్లు నిజంగానే అలాంటి వింతా అన్నది యంత్రం తేల్చలేదు. అనుమానించి జాబితాలో పెట్టడం వరకే దాని పని. మనిషి పోయి గోడ మీది నంబరు చూసి రావాలి. ఉపగ్రహ చిత్రాల నుంచి ఇళ్ల కప్పుల ఆకారాలను యంత్రాలే గీస్తున్న కాలమిది. గూగుల్ 2021లో ఆఫ్రికాతో మొదలుపెట్టి తర్వాత దక్షిణాసియాకూ అలాంటి సమాచారం విడుదల చేసింది. ఎంత నిశితమైన ఉపగ్రహమైనా కప్పును చూస్తుంది గానీ దర్వాజా పక్కన రాసిన నంబరు చదవలేదు.

ఆదిలాబాద్ వైపు పోతే సమస్య నంబర్ల నుంచి పేర్ల మీదికి మారుతుంది. 'ఊరు' అంటే ఏమిటన్న దగ్గరే ప్రభుత్వ శాఖలు విడిపోతాయి. జనగణన లెక్కించేది రెవెన్యూ గ్రామాన్ని. ఆ గ్రామ శివారులో నాలుగు గూడేలూ రెండు తండాలూ ఉన్నా 2011 జనగణన పట్టికలో వాటికి వేరే వరుస లేదు. ఇంకోపక్క మనిషి అలికిడి లేని బేచిరాగ్ గ్రామాలకు రెవెన్యూ లెక్కల్లో పేరూ హద్దులూ పదిలంగా ఉంటాయి. 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టం తండాలనూ గూడేలనూ పంచాయతీలుగా చేసింది. కొత్తగా నాలుగు వేలకు పైగా పంచాయతీలు పుట్టి రాష్ట్రం మొత్తం మీద 12,751 అయ్యాయి. అంటే నిన్నటిదాకా కాగితం మీద లేని గూడకు ఇవాళ సర్పంచ్ ఉన్నాడు, పంచాయతీ కోడు ఉంది, పాత జనగణన పటంలో మాత్రం అది ఇంకా ఇంకో ఊరి పొలమే. ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్, జైనూరు మండలాల్లో గోండు, కొలాం గూడేలు చాలావాటికి పటేల్ పేరే ఊరి పేరు. పటేల్ మారితే, గూడెం చోటు మారితే పేరూ మారవచ్చు. ఒకే చోటును గోండీలో ఒకలా, మరాఠీలో ఒకలా, తెలుగులో ఒకలా పిలుస్తారు, పాత ఉర్దూ రికార్డుల నుంచి వచ్చిన రూపం ఇంకోటి. రహదారుల శాఖ జాబితాలో ఆవాసం పేరు ఒక రకంగా, పంచాయతీ బోర్డు మీద ఇంకో రకంగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర లేదు.

రెండు జాబితాల్లో పేర్లను జతపరచడానికి కంప్యూటర్లు వాడే సాధనం అక్షర దూరం. సోవియట్ శాస్త్రవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టైన్ 1965లో దీన్ని నిర్వచించాడు. ఒక పేరును ఇంకో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్న లెక్క అది. దూరం తక్కువైతే రెండూ ఒకటే ఊరని యంత్రం అనుకుంటుంది. కొమరంభీం ఆసిఫాబాద్ జిల్లాలో సిర్పూర్ (యు), సిర్పూర్ (టి) అని రెండు మండలాలున్నాయి, ఒకటి జైనూరు పక్కన, ఇంకోటి కాగజ్‌నగర్ దగ్గర. ఇంగ్లిష్ లిపిలో రాస్తే వాటి మధ్య దూరం ఒక్క అక్షరం. కరీంనగర్ పక్కన కోట ఉన్న ఊరిని ఎల్గందల్ అంటారు, ఎలగందుల అనీ అంటారు. ఈ రెంటి మధ్య దూరం మూడు. అంటే అడవులూ గుట్టలూ అడ్డున్న రెండు వేర్వేరు ఊళ్లు యంత్రానికి దాదాపు ఒకటే, ఒకే ఊరి రెండు రూపాలు మాత్రం దానికి దూరపు చుట్టాలు. పేరుతో మొదలుపెట్టి కోడు దగ్గరికి పోవడం కన్నా నేల మీది చోటుతో మొదలుపెట్టి పేరు దగ్గరికి రావడం ఎందుకు మేలో ఇక్కడ తెలుస్తుంది. ముందు బిందువులు ఒకదానికొకటి ఎంత దగ్గరున్నాయో చూడాలి, తర్వాత పై మండలం కలుస్తుందో లేదో చూడాలి, అక్షరాల పోలిక చివరిది. జత కుదిరాక గ్రామం కోడును జనం పటంలోని బిందువుకు కట్టేస్తే రేపు పేరు మారినా, జిల్లా మారినా ఆ ముడి విడిపోదు. వాడుక పేర్లను చెరిపేయనక్కర లేదు. అధికారిక పేరు, స్థానిక పేరు, పాత పేరు అని వేర్వేరు గళ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉన్నాయి, గోండీ పేరుకూ చోటుంది.

ప్రభుత్వం చెప్పిందే ఖాయం చేసుకుని జనం పటాన్ని దిద్దితే చాలు గదా అనేవారున్నారు. మిడ్ మానేరు జలాశయం వైపు చూస్తే అది ఎందుకు చాలదో తెలుస్తుంది. రాజన్న సిరిసిల్ల జిల్లాలో కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి, చింతల్‌ఠాణా, రుద్రవరం, అనుపురం వంటి ఊళ్లు ఆ నీళ్లలో మునిగాయి. జనం పునరావాస కాలనీలకు కదిలారు, ఊరి పేరును కూడా వెంట తీసుకుపోయారు. 2011 జనగణన నాటికి ఆ ఊళ్లు పాత చోటనే ఉన్నాయి కనుక ఆ సమాచారంతో తయారైన ఏ పటంలోనైనా వాటి బిందువులు ఈ రోజు నీళ్ల మీద తేలతాయి. పిన్‌కోడు తప్పు కాదు, పేరు తప్పు కాదు, గ్రామం కోడు కూడా తప్పు కాదు. చోటు ఒక్కటే తప్పు. అంబులెన్సుకు అన్నిటికన్నా కావలసింది ఆ ఒక్కటే. కాలనీలో ఉండేవారెవరైనా పది నిమిషాల్లో సరిదిద్దగల తప్పిది. శాఖ సరిదిద్దాలంటే అందుకు ఫైలు కదలాలి. అయితే పాత బిందువును ఊరికే తుడిచేయడం కూడా నష్టమే. పాత పట్టాలు, పరిహారం కేసులు, స్కూలు సర్టిఫికెట్లు అన్నీ మునిగిన ఊరి చిరునామాతోనే ఉన్నాయి. వదిలేసిన ఊరని గుర్తుపెట్టి పాత చోటును ఉంచుతూ, కొత్త కాలనీకి కొత్త బిందువు పెట్టి, రెంటినీ ఒకే కోడుతో ముడివేయడం సరైన పని.

దీనికన్నా కఠినమైన పరీక్ష కెరమెరి మండలం సరిహద్దులో ఉంది. పరందోళి, అంతాపూర్ పంచాయతీల కింది పన్నెండు ఊళ్లను తెలంగాణ తనవంటుంది, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా జివతి తాలూకావంటుంది. అక్కడి కుటుంబాల దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ రేషన్ కార్డులూ ఉంటాయి, రెండు రాష్ట్రాల బడులూ ఉంటాయి. ముకదంగూడలోని ఒక ఇంటికి రెండు ప్రభుత్వాల చిరునామాలున్నాయంటే ఏది సరైన దత్తాంశం? ఇక్కడ 'అధికారిక సమాచారం' అన్న మాటకే బలం లేదు, ఎందుకంటే అధికారాలే రెండు. జనం పటం తీర్పు చెప్పకూడదు, చెప్పలేదు కూడా. ఇల్లు ఇక్కడుంది, దీనికి ఈ రెండు కోడులున్నాయి అని మాత్రం చెప్పగలదు. పోల్చి తేడాలు రాసిపెట్టుకునే పద్ధతి ఈ ఊళ్లను పట్టుకోగలదు. కుమ్మరించే పద్ధతిలో ఎవరి ఫైలు చివర ఎక్కిస్తే వాళ్లదే గెలుపు.

కుమ్మరింత ఎలా ఉంటుందో అమెరికా చూపించింది. అక్కడి జనగణన సంస్థ తన అవసరాలకు తయారుచేసుకున్న టైగర్ అనే రోడ్ల దత్తాంశాన్ని 2007, 2008లలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి మొత్తంగా ఎక్కించారు. దేశం పటం రాత్రికి రాత్రి నిండుగా కనబడింది. దగ్గరికి పోయి చూస్తే రోడ్లు పక్కకు జరిగి ఉన్నాయి, లేని రోడ్లున్నాయి, వాకిలి దారులు కూడా వీధులుగా నమోదయ్యాయి. వాటిని సరిదిద్దే పని ఏళ్ల తరబడి సాగింది. ఖాళీ పటం కనిపిస్తే నింపాలని మనిషికి అనిపిస్తుంది, నిండిన పటం మీద తప్పు వెతకాలని అంతగా అనిపించదు. ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. 2014లో అక్కడి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కార్యకర్తలు దొరికిన సమాచారంతో ఒక బహిరంగ చిరునామాల కోశం కట్టారు. మరుసటి ఏడాది జాతీయ పటాల సంస్థ, తపాలా సంస్థ, ప్రభుత్వం, ఆ కార్యకర్తల సంఘం కలిసి జాతీయ చిరునామాల కోశానికి ఒప్పందం చేసుకున్నాయి. కాలక్రమంలో చిరునామాకు అసలు కర్త అక్కడి మున్సిపాలిటీ, అంటే కమ్యూన్ అని తేలింది. 2022 నాటి చట్టం చిన్న కమ్యూన్లకు కూడా తమ చిరునామాల జాబితా ప్రచురించే బాధ్యత పెట్టింది. మన లెక్కలో ఆ స్థానం గ్రామ పంచాయతీది. డబ్బు లెక్క కావాలంటే డెన్మార్క్ ఉంది. 2002లో చిరునామాలను ఉచితంగా ఇవ్వాలని అక్కడ నిర్ణయించారు. 2005 నుంచి 2009 వరకు దాని వల్ల 6.2 కోట్ల యూరోల లాభం కలిగిందనీ, ఖర్చు 20 లక్షల యూరోలేననీ 2010లో అక్కడి ప్రభుత్వ అధ్యయనం తేల్చింది.

ఇక అభ్యంతరాలు. ఎవరు పడితే వాళ్లు గీసిన పటాన్ని ఎలా నమ్మాలన్నది మొదటిది, న్యాయమైనది. 2010లో ముకి హాక్లే అనే పరిశోధకుడు ఇంగ్లండ్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ప్రభుత్వ సర్వే పటాలతో పోల్చి చూశాడు. చోటు విషయంలో సగటు తేడా ఆరు మీటర్లు మాత్రమే ఉంది. తలుపు వెతుక్కుంటూ వచ్చేవాడికి అది పెద్ద తేడా కాదు. అయితే అదే పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది, నమ్మకం మాట కన్నా అది ఎక్కువ ఆలోచించవలసింది: పేదలుండే ప్రాంతాల్లో పటం పలచగా ఉంది. ఖాళీ సమయం, ఇంటర్నెట్, చదువు ఉన్నవాళ్లు తమ వాడలను గీసుకుంటారు. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల దుకాణాలకు దొరికే శ్రద్ధ తిర్యాణి మండలపు కొలాం గూడకు దొరకదు. జనం పటాన్ని ఎంత మెచ్చుకున్నా ఈ లోపాన్ని దాచిపెట్టలేం. ప్రభుత్వ జాబితా అవసరం తేలేది కూడా ఇక్కడే. పటం చూస్తే లేనిది కనబడదు. ఆవాసాల జాబితాను పక్కన పెడితే పటంలో లేని గూడెం 'లేదు' అని కనబడుతుంది. ప్రభుత్వ దత్తాంశం జనం పటానికి చేసే మేలు చిరునామాలు అరువివ్వడం కన్నా, దాని ఖాళీలను ఎత్తిచూపడమే ఎక్కువ.

రెండో అభ్యంతరం గోప్యత గురించి. ఇంటి పన్ను రిజిస్టరులో నంబరు పక్కన యజమాని పేరుంటుంది, బకాయి ఉంటుంది. ఓటరు జాబితాలో ఇంటి నంబరు కింద కుటుంబమంతా ఉంటుంది. ఇవి పటం మీదికి ఎక్కితే ఏ వాడలో ఏ కులం, ఏ మతం అని రంగులు వేయడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే గీత గట్టిగా గీయాలి: పటానికి కావలసింది నంబరూ బిందువూ మాత్రమే. పేరు, ఫోను, బకాయి ఏ దశలోనూ రాకూడదు, శాఖ దగ్గరే వాటిని తీసేసి మిగిలినదే బయటికివ్వాలి. గోడ మీద రాసి ఉన్న నంబరు రహస్యం కాదు, దాని వెనక ఎవరున్నారన్నది వాళ్ల సొంత సంగతి. అడవి ఊళ్లలో ఈ భయానికి ఇంకో ముఖం ఉంది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యంగా ప్రకటితమైన ప్రాంతం లోపల ఊళ్లున్నాయి. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్‌లను అక్కడి నుంచి తరలించారు కూడా. గూడేన్ని పటంలో పెడితే ఖాళీ చేయించేవాళ్ల పని సులువవుతుందేమోనన్న అనుమానం అర్థరహితం కాదు. అటవీ శాఖ దగ్గర ఉపగ్రహ చిత్రాలు ఎటూ ఉన్నాయి. పటంలో లేకపోవడం వల్ల ఆ శాఖ కళ్లు కప్పలేం గానీ 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద "మేం ఇక్కడే ఉన్నాం" అని చూపించుకునే ఒక ఆధారం పోతుంది. అయినా నిర్ణయం ఆ గూడెం వాళ్లదే కావాలి. నగరంలో కూర్చుని ఉపగ్రహ చిత్రం చూస్తూ కొలాం గూడకు పేరు పెట్టేవాడు ఎంత మంచివాడైనా ఆ పనికి తగడు.

డిజిపిన్ వచ్చాక ఈ తంటా ఎందుకని ఇంకొందరు అడుగుతారు. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, జాతీయ దూర సంవేదన కేంద్రంతో కలిసి 2025లో దీన్ని తెచ్చింది. దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల గళ్లుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడు ఇచ్చింది. అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కతో వచ్చే కోడు కనుక దానికి ఏ రిజిస్టరూ అక్కర లేదు. మంచి సాధనమే, గుట్ట మీది ఒంటరి గుడిసెకూ చిరునామా ఇస్తుంది. కానీ అది చెప్పేది చోటు ఒక్కటే. ఆ గడిలో ఇల్లుందో బావి ఉందో, వానాకాలంలో వాగు దాటి అక్కడికి బండి పోతుందో లేదో, ఆ గడి ఏ పంచాయతీ కిందికొస్తుందో డిజిపిన్‌కు తెలియదు. 3-5-112 అని ముద్రించిన ఆస్తి కాగితానికీ ఆ గడికీ ముడి ఎవరో వేయాలి. మనం మాట్లాడుతున్న పని సరిగ్గా ఆ ముడే. ప్రైవేటు కంపెనీల పటాలు ఉచితంగానే దొరుకుతున్నాయి గదా అంటే, చూడటం ఉచితం, తీసుకుని పంచాయతీ పనికి వాడుకోవడం ఉచితం కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు కూడా షరతులున్నాయి. 2012 నుంచి అమల్లో ఉన్న దాని లైసెన్సు ప్రకారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు చెప్పాలి, దాని మీద కట్టిన కోశాన్ని బయటికి విడుదల చేస్తే అవే షరతులతో చేయాలి. 2017లో గెజిట్‌లో వచ్చిన భారత ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సుకు దాని సొంత షరతులున్నాయి. రెంటినీ ఒకే కుండలో కలిపేయకుండా వేర్వేరు పొరలుగా ఉంచి, కోడుతో మాత్రమే ముడివేస్తే ఈ షరతుల చిక్కులు చాలామటుకు తగ్గుతాయి. పోల్చే పద్ధతికి ఇది ఇంకో లాభం. 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతుల అవసరాన్ని చాలావరకు తీసేశాయి కనుక చట్టం అడ్డొస్తుందన్న పాత సాకు కూడా ఇప్పుడు చెల్లదు.

జీతాలు తీసుకునే శాఖలు చేయాల్సిన పనిని జనం చేత ఊరికే చేయించుకోవడమేమిటన్న ప్రశ్న ఒకటి మిగులుతుంది. నిజమే, చిరునామా ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. కానీ తెలుగు వికీపీడియాను చూడండి. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానకోశంలో ఊళ్ల పేజీలను వాలంటీర్లు 2011 జనగణన సమాచారంతో నింపారు. 2016లో జిల్లాలు చీలినప్పుడు ప్రభుత్వ ఉత్తర్వులు ముందు పెట్టుకుని వేల గ్రామాల పేజీల్లో మండలం, జిల్లా పేర్లు మార్చుకుంటూ పోయారు. ఎవరూ జీతమివ్వలేదు. వాళ్లకు కావలసిందల్లా ఉత్తర్వు చేతికందడం. ఆ కాగితం బయటికి రాకపోతే ఎంత ఉత్సాహం ఉన్నా ఏమీ జరిగేది కాదు. శాఖలు తమ వాటాగా చేయవలసింది రెండే: జాబితాను కంప్యూటరు చదవగల రూపంలో ఇవ్వడం, జనం తిప్పి పంపిన తేడాల జాబితాను చదవడం. మొదటిది మన దగ్గర సగమైనా జరుగుతోంది. రెండోదానికి ఏ కార్యాలయంలోనూ బల్ల లేదు, కుర్చీ లేదు. అది లేనన్నాళ్లూ జనం ఎన్ని తేడాలు పట్టినా అవి ప్రభుత్వ రిజిస్టరులోకి చేరవు, మరుసటి ఏడాది అవే తప్పులతో కొత్త జాబితా వస్తుంది.

2027 మార్చి 1ని ఆధార తేదీగా పెట్టుకున్న జనగణన మొదటిసారి డిజిటల్‌గా జరగబోతోంది. దానికి ముందూ వెనకా ఇళ్ల జాబితాలు, నంబర్లు మళ్లీ కదులుతాయి. మీ పంచాయతీ కార్యాలయంలో కార్యదర్శి దగ్గరో కారోబార్ దగ్గరో ఇంటి పన్ను రిజిస్టరు ఉంటుంది. యజమానుల పేర్లు తీసేసి ఇంటి నంబర్లూ వాడల పేర్లూ మాత్రం బహిరంగంగా పెట్టాలని వచ్చే గ్రామసభలో అడగండి. అది చేతికొచ్చాక మీ ఊరి పటం పక్కన పెట్టి, ఏ వాడ ఎక్కడ తప్పిపోయిందో చూసి, ఆ జాబితాను కార్యదర్శికి తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి.